గుర్రం ఎటు చూస్తోంది?

అమరవేణి సంస్థానాన్ని ఏలే గంగరాజుకి ఒకనాడు భోజనం ముగించి తాంబూలం వేసుకుంటుండగా ఒక ముచ్చట పుట్టింది. వచ్చే నెల పొరుగు రాజ్యం దూతలు వస్తున్నారు. వాళ్లని కొలువుకూటంలో ఉన్న పెద్ద బొమ్మ ముందు నిలబెట్టి, రాజుగారి పాఠశాల పిల్లల చేత దాన్ని వర్ణింపజేసి, అర్థం చెప్పించాలి.

ఆ బొమ్మ అంతటిది మరి. రాజుగారి తాత ముసలితనంలో దగ్గర కూర్చుని గీయించుకున్న యుద్ధచిత్రం. గోడంతా ఉంటుంది. దాన్ని చూడనివాడు ఆ ఊళ్లో లేడు. అంటే, దాని పక్కనుంచి నడిచి వెళ్లనివాడు లేడు.

పాఠం చెప్పే పని ఆస్థాన పండితుడు శరభయ్యకి అప్పగించారు. ఆయనకి 'చిత్రార్థ సార్వభౌమ' అని బిరుదుంది. అది తనకు తనే ఇచ్చుకున్నాడని గిట్టనివాళ్లు అంటారు. గిట్టినవాళ్లు ఎవరూ లేకపోవడంతో ఆ మాటే నిలిచిపోయింది.

కొలువులో ఆయన ఆసనం సరిగ్గా ఆ బొమ్మ కిందే. ఇరవై ఏళ్లుగా దానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు. పిల్లల్ని కూడా బొమ్మ దగ్గరికి తీసుకెళ్లలేదు. వసారాలో కూర్చోబెట్టి, తాతగారి పరాక్రమం మీద నూట ఎనిమిది విశేషణాలు వల్లె వేయించాడు. బొమ్మని చూస్తే ధ్యాస చెదురుతుందట.

రాజుగారి బొమ్మలన్నీ చూసుకునే ఉద్యోగి బయ్యన. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో వాటి దుమ్ము తుడిచేది అతనే. పదిహేనేళ్లుగా తుడుస్తున్నాడు కనక, ఆ పెద్ద బొమ్మలో ఏముందో అతనికి తెలుసు. నోరు మాత్రం ఎప్పుడూ విప్పలేదు. ఉద్యోగం అలాంటిది.

విప్పింది ఓబులమ్మ. అశ్వశాల అధికారి కూతురు. పాఠం ఒప్పజెప్పమంటే ఆ పిల్ల తిన్నగా కొలువుకూటంలోకి వెళ్లి, బొమ్మ చూసి వచ్చి, చూసింది చెప్పింది. గుర్రం ముఖం కోట వైపు ఉందంది. శత్రువులు దాని వెనక ఉన్నారంది. చెవులు వెనక్కి అణిగి ఉన్నాయి కనక అది బెదిరిందని కూడా చెప్పింది.

శరభయ్య రాజు దగ్గరికి పరుగెత్తాడు. తాతగారు యుద్ధంలోంచి పారిపోయారని ఈ పిల్ల అంటోందని చెప్పాడు. నిజానికి ఓబులమ్మ నోట ఆ మాట రాలేదు. అది మొదట అన్నది ఆయనే.

రాజు మండిపడి మర్నాడే తండ్రీకూతుళ్లని కొలువుకి పిలిపించాడు. అశ్వశాల అధికారి ఉద్యోగం పోతుందో, ఊరే వదలాల్సి వస్తుందో తెలియక తల వంచుకుని నిలబడ్డాడు. ఓబులమ్మ ఏడుపు ఆపుకుంటోంది. ఇదంతా చూస్తున్న బయ్యనకి ఒకటే అనిపించింది. చూసింది చెప్పినందుకు ఈ పిల్లకి శిక్ష పడితే, ఇన్నేళ్లూ చూసి చెప్పని తనని ఏమనాలి?

ముందుకొచ్చి దండం పెట్టాడు. శిక్ష వెయ్యాల్సిందేనన్నాడు. కాకపోతే తప్పు తేల్చాలంటే ఒప్పు రాతలో ఉండాలి కదా, శరభయ్యగారు చెబితే లేఖకుడు రాసుకుంటాడన్నాడు. ఈలోగా అపచారం చేసిన కళ్లు మళ్లీ బొమ్మ మీద పడకూడదంటూ దానికి తెర కట్టించాడు. ఆ భక్తికి శరభయ్య మెచ్చుకోలుగా తల ఊపాడు.

"తప్పుగా వర్ణించినవాళ్లకి ఏం శిక్ష రాయమంటారు, పండితులవారూ?" అని అడిగాడు బయ్యన.

"మళ్లీ పాఠశాల గడప తొక్కకూడదు."

లేఖకుడు రాసుకున్నాడు. గుర్రం సంగతి అడిగితే, శత్రువు మీదికి లంఘిస్తోందన్నాడు శరభయ్య. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయన్నాడు. తాతగారి చేతిలో ఏముందని అడిగేసరికి ఆయనకి ఊపొచ్చింది. నెత్తురోడుతున్న కత్తి ఉందని చెప్పి, ఆ కత్తి ఒక్కదాని మీదే పావుగంట మాట్లాడాడు. లేఖకుడి చెయ్యి పడిపోయింది. చివర శరభయ్య ఠీవిగా చేవ్రాలు చేశాడు.

బయ్యన తెర లాగేశాడు.

గుర్రం కోట వైపు దౌడు తీస్తోంది. తాతగారు రెండు చేతులతో దాని మెడ వాటేసుకుని ఉన్నారు. కత్తి ఎక్కడో వెనక బురదలో పడి ఉంది.

రాజు అంతసేపు ఆ బొమ్మని చూడడం అదే మొదలు. ముఖం జేవురించింది.

"అంటే మా తాత పారిపోయాడనేనా, బయ్యనా, నువ్వు చెప్పేది?"

శరభయ్యకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. బయ్యన మాత్రం తొణకలేదు. బొమ్మలో ఏముందో చెప్పడం ఒక పాఠం, దానికి అర్థం చెప్పడం రెండో పాఠం అన్నాడు. మొదటిది ఓబులమ్మ చెప్పేసింది, రెండోది తను విన్నవించుకుంటానన్నాడు. ఆ యుద్ధంనాటికి తాతగారికి పెళ్లయి మూడు నెలలేనని గుర్తు చేశాడు.

"ఆ రోజు గుర్రం ఇటు తిరక్కపోతే, ఈ రోజు ఈ బొమ్మ చూడడానికి తమరు పుట్టేవారే కాదు, ప్రభూ."

రాజు మళ్లీ బొమ్మ వంక చూశాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులోనే బయ్యన మిగతాది కూడా అనేశాడు. దగ్గర కూర్చుని గీయించుకున్న తాతగారికి లేని సిగ్గు, ఆయన తరఫున పండితులు పడ్డారన్నాడు.

రాజు తన పట్టుశాలువా తీసి ఓబులమ్మకి కప్పాడు. దూతల ముందు బొమ్మని వర్ణించేది ఆ పిల్లేనన్నాడు. పాఠశాల బయ్యనకి అప్పగించాడు. లేఖకుడి చేత శిక్ష పైకి చదివించి, వెళ్లేముందు బొమ్మలో ఏముందో ఒక్క ముక్క, విశేషణం లేకుండా చెప్పి వెళ్లమని శరభయ్యని ఆజ్ఞాపించాడు.

శరభయ్య ఇరవై ఏళ్లలో మొదటిసారి బొమ్మ వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"గుర్రం ఉంది, ప్రభూ."

కొలువంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు అశ్వశాల అధికారి.