అటు తిరిగి నిలబడ్డ అయ్యగారు

పాస్టరు యోబు అయ్యగారి దగ్గర మూడేళ్లుగా పరిచర్య నేర్చుకుంటున్న జకర్యాకు ప్రార్థన బాగా వచ్చు. మరీ బాగా వచ్చు, అదే చిక్కు.

ప్రతి ఆదివారం సంఘం ముందు మోకరించి గొంతెత్తేవాడు. "ప్రభువా, ఏ పాపం ఎరుగని నన్ను వల దొంగనని చెప్పి, పడవలు కట్టే గుంజకు కట్టి, మా అమ్మ చూస్తుండగా కొట్టిన పోలయ్యను క్షమించు" అనేవాడు. దేవుడు పొరబడకుండా ఇంటిపేరు కూడా చెప్పేవాడు. ఆడవాళ్లు పైటచెంగుతో కళ్లొత్తుకునేవారు. వెనక చాప మీద కూర్చునే పోలయ్య భార్య తల వంచుకునేది. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది.

జరిగింది మాత్రం నిజమే. పోయిన వల నాలుగో రోజున పోలయ్య బావమరిది పడవలోనే దొరికింది. అయినా పోలయ్య నోట తప్పయిందన్న మాట రాలేదు. జకర్యా తల్లి ఆ అవమానం దిగమింగలేక మంచం పట్టింది, రెండు నెలలకు పోయింది. పోయింది మన తల్లి కాకపోతే మరిచిపొమ్మని చెప్పడం ఎవరికైనా తేలికే.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారు అడిగారు.

"పోలయ్యను క్షమించావా?"

"ప్రతి వారం క్షమిస్తూనే ఉన్నానండి."

"పాపం, ఇంకా ఎన్ని వారాలు పడుతుందో" అన్నారు అయ్యగారు. జకర్యా ముఖం మాడిపోయింది.

ఆ నెలలోనే పోలయ్య వచ్చి బాప్తిస్మం కావాలని అడిగాడు. జకర్యాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే అయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

"వాడు చేసింది ముందు సంఘం ఎదట ఒప్పుకోవాలండి. ఒప్పుకోకపోతే వాణ్ణి నీళ్లలోకి దించకండి."

అయ్యగారు అంతా విని, బాప్తిస్మానికి రోజు ఖాయం చేశారు.

బాప్తిస్మం రోజు పొద్దున్నే సంఘమంతా కాలువగట్టున చేరింది. పోలయ్య తెల్లబట్టలతో నడుము లోతు నీళ్లలో నిలబడ్డాడు. పక్కనే నిలబడ్డ అయ్యగారు గట్టు వైపు చూసి జకర్యాను రమ్మన్నారు.

"నా నడుం పట్టేసింది అబ్బాయ్. ఆరడుగుల మనిషిని నేను ముంచి లేపలేను. బాప్తిస్మం నువ్వివ్వు."

మొదటి బాప్తిస్మం ఇచ్చే రోజు కోసం జకర్యా మూడేళ్లు ఎదురుచూశాడు. అది ఇలా వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అందరూ చూస్తున్నారు, కాదనడానికి నోరు రాలేదు. నీళ్లలోకి దిగాడు.

అతణ్ణి చూసి పోలయ్య బిగుసుకుపోయాడు.

"నువ్వా తమ్ముడూ?" అన్నాడు. "నీ మొహం చూళ్లేకే ఇన్నాళ్లూ గుడి గుమ్మం తొక్కలేదు. సరేలే. నువ్వయితేనే మంచిది" అన్నాడు. చేతులు జోడించి వెనక్కి వాలాడు.

ముంచేటప్పుడు గట్టు మీద వాళ్లంతా కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ. బాప్తిస్మం ఇచ్చేవారి పక్కన నిలబడిన పెద్ద ఒక్కరే కళ్లు తెరిచి చూస్తుంటారు. ఆ రోజు అయ్యగారు అది కూడా చేయలేదు. వాళ్లిద్దరికీ వీపు పెట్టి, అవతలి గట్టు వైపు తిరిగి నిలబడ్డారు.

జకర్యా ఎడమచేయి పోలయ్య మెడ కింద ఉంది, కుడిచేయి గుండెల మీద ఉంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అని పలికి ముంచాడు.

ఒక్క ఊపిరి సేపు ముంచి లేపాలి. కుడిచేయి లేవలేదు.

గుంజ గుర్తొచ్చింది. కాళ్లావేళ్లా పడుతున్న అమ్మ గుర్తొచ్చింది. ఎవరూ చూడడం లేదు.

పోలయ్య నీళ్లలో పుట్టి పెరిగినవాడు. తలుచుకుంటే ఒక్క విదిలింపుతో లేచి నిలబడగలడు. కదల్లేదు. నోట్లోంచి బుడగలు పైకి వచ్చాయి. సన్నటి నీటిపొర కింద అతని కళ్లు తెరుచుకుని జకర్యానే చూస్తున్నాయి. నీ ఇష్టం తమ్ముడూ అన్నట్టున్నాయి.

జకర్యాకు తన చేయి చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. అంత భయం, అంత భక్తి ఏ ప్రార్థనలోనూ ఎరగడు. రెండు చేతులూ వేసి లేపాడు. ఆ భారీ మనిషి పసిబిడ్డలా పైకి వచ్చాడు.

పోలయ్య దగ్గుతూ ఊపిరి తీసుకున్నాడు. జకర్యా అతని భుజాలు వదల్లేదు.

"నన్ను క్షమించన్నా."

"అదేంటి తమ్ముడూ. ఆ మాట అనాల్సింది నేను కదా" అని పోలయ్య బావురుమన్నాడు.

గట్టు మీద వాళ్లు ఏమీ తెలియక పాట ఎత్తుకున్నారు.

పైకి వస్తుంటే జకర్యా అయ్యగారి చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నేను వెంటనే లేపలేదు. ఇంకాసేపైతే ఆయన పోయేవాడు."

"తెలిసింది."

"మరి అటు తిరిగారేమండీ?"

అయ్యగారు వంగి పంచె అంచు పిండుకున్నారు.

"నేను చూస్తూ ఉంటే, నా కోసం లేపేవాడివి" అన్నారు.