పునుగుపిల్లి నమ్మనంది

నాపరాళ్ళ గుట్ట కింద ఉన్న బిలానికి నోరు ఒకటే. లోపలికి పోయేకొద్దీ మాత్రం సందులే సందులు, చెట్టు వేళ్ళు పాకినట్టు. ఒక సందంతా గులకరాళ్ళు. కొన్నింట్లో బూడిదలాంటి మెత్తటి మట్టి. ఒక్క సందులో మాత్రం ఎర్రమట్టి, కాలు పెడితే పారాణి పెట్టినట్టు అంటుకుపోతుంది.

ఎండలు ముదిరి చుట్టుపక్కల వాగులు ఎండాయంటే, ఇక నీళ్ళనేవి ఆ బిలం అడుగున ఉన్న దొనలోనే. జింకలూ కుందేళ్ళూ ఆ చీకటిని చూస్తేనే హడలి, గుట్ట దిగి ఎక్కడికో పోతాయి. బిలం తిరిగే అలవాటున్నవాళ్ళు ఇద్దరే. ముళ్ళపంది ములుకన్న ఒకడు, ఒంటినిండా పొలుసులున్న అలుగు, పొలుసన్న ఇంకొకడు.

పొలుసన్న నెమ్మదస్తుడు. చీమలు దొరికితే తింటాడు, దొరక్కపోతే ముడుచుకుని పడుకుంటాడు. ములుకన్న అలాకాదు. నడిస్తే ఒంటిమీద ముళ్ళు గలగల, ఆగితే నోరు గలగల. చెడ్డవాడేం కాదు పాపం. నలుగురిలో "ములుకన్నకు తెలియంది లేదయ్యా" అనిపించుకోవాలని మాత్రం మహా ఇది.

ఆ బిలం కప్పుకు గబ్బిలాలు వేలాడేవి. వాటన్నిటికీ పెద్దదిక్కు నల్లవ్వ. రెక్కలు చిరిగి అతుకులు పడ్డ ముసలిది. ఒకరోజు ములుకన్న దొనకు పోతూ పోతూ గుంపు కిందనుంచి గలగలమంటూ నడిచాడు. గబ్బిలాలన్నీ ఒక్కసారి లేచాయి. గోలంతా సద్దుమణిగాక నల్లవ్వ అతను వచ్చే దారిలో, చేతికందేంత ఎత్తులో వేలాడి ఆపింది.

"ఏమయ్యా ములుకన్నా, నీళ్ళకొచ్చావా, పెళ్ళిమేళం తెచ్చావా?"

"నీళ్ళకే అవ్వా. మీరెక్కడున్నారో నాకేం కనబడుతుంది, ఈ చీకట్లో?"

"కనబడకపోతే నేర్చుకోవాలి. నీ గలగలకి ఒక తల్లి ఉలిక్కిపడి లేచింది. రొమ్ము పట్టుకున్న కూన జారి రాతిమీద పడింది. ఎగరడం రాని పసిగుడ్డు పడితే, మళ్ళీ పైకి ఎట్లా పోతుంది?"

ములుకన్న ఆ కూన పడ్డచోటు చూపించమని అడగబోయి, అడగలేక తల దించుకున్నాడు.

"నేర్పు అవ్వా," అన్నాడు. "నేర్చుకుంటాను."

ఆ రోజునుంచి ములుకన్నకూ పొలుసన్నకూ, ఇద్దరికీ చదువు మొదలైంది. అవ్వ చెప్పే పద్ధతే వేరు. "గబ్బిలం కోసం పైకి చూసేవాడు వట్టి వెర్రివాడు. ముందు కిందికి చూడండి. ఇదేమిటి చెప్పు ములుకన్నా?"

"ఎలుక పెంటిక."

"నలుపు."

ములుకన్న కాలికింద వేసి నలిపాడు. అది పొడై, మసకవెలుతురులో అభ్రకంలా మిలమిలలాడింది.

"పురుగుల రెక్కలు నమిలేవాళ్ళం మేము. మా రెట్ట నలిపితే పొడైపోతుంది, మెరుస్తుంది. ఎలుకది రాయిలా ఉంటుంది. సరే, తడిగా ఉంటే?"

"ఇప్పటిదన్నమాట!"

"బూజు పట్టి ఉంటే?"

"ఎప్పుడో ఖాళీ చేసి పోయారన్నమాట!"

అవ్వకు ముచ్చటేసింది. తిని పారేసిన పురుగు రెక్కలు కింద రాలి ఉంటే, పైన ఎవరో కూర్చుని భోంచేస్తున్నట్టు. కప్పు మీద నూనె మరకలా గోధుమరంగు ఉంటే, ఏళ్ళ తరబడి ఆనుకున్న ఒళ్ళు పెట్టిన మరక. చూడాల్సివస్తే పక్కనుంచి చూడాలి, కింద నించోకూడదు, ఊపిరి పైకి వదలకూడదు. నిద్ర చెడితే వాళ్ళ ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోతుంది. ఇట్లా ఎన్నో చెప్పింది.

ఇద్దర్నీ చెరో సందులోకి పంపి, తిరిగొచ్చాక అడిగింది. "పొలుసన్నా, ఏం చూశావు?"

"కింద రెట్ట ఉందవ్వా. తడిగా ఉంది. పైన ఎంతమందో తెలీదు."

"ఎందుకు తెలీదు?"

"తలెత్తితే నా ఊపిరి తగులుతుందేమోనని ఎత్తలేదు."

"భేష్!"

ములుకన్నకు ఒళ్ళు మండింది. "అదేంటవ్వా, తెలీదంటే భేషా? నేను చూడు, గుంపు చూశాను, కూనల్ని చూశాను, ఎవరు ఏ పక్కకు తిరిగి పడుకున్నారో కూడా చెబుతాను."

"నీ కళ్ళు మంచివేనయ్యా, కాదన్నానా? ఒకటే మాట చెబుతాను, ఇద్దరూ వినండి. చూసింది చూసినట్టు నాకు చెప్పండి. నాకు మాత్రమే. గుర్తుపెట్టుకోవడం నా పని. ఎవరెక్కడ పిల్లల్తో ఉన్నారో నాకు తెలిస్తే, మిమ్మల్ని ఆ వైపు పోనివ్వకుండా ఇంకో దారిలో నీళ్ళకు పంపుతాను. బిలం మాట బయట ఒక్క చెవిన పడకూడదు."

"నా నోట్లోంచా? చచ్చినా రాదు!" అన్నాడు ములుకన్న, ఎప్పటిలా అందరికంటే ముందు.

అన్నట్టే పని నేర్చాడు కూడా. ముళ్ళన్నీ ఒంటికి అదిమిపెట్టి, చప్పుడు లేకుండా నడవడం సాధించాడు. అవ్వకు చూసి చెప్పడానికని ఎర్రమట్టి సందులోకి పోతే, చిన్నమ్మి అనే పిల్లతల్లి అతన్ని చూసి నవ్వింది.

"ఏంటన్నా, ఈమధ్య దొంగలా వస్తున్నావు?"

"ముళ్ళు బిగబట్టి నడుస్తున్నా తల్లీ. ప్రాణం పోతోందనుకో."

చిన్నమ్మికి తొలికాన్పు. ఎత్తైన కప్పుల్లో పెద్దవాళ్ళంతా సర్దుకోగా, చోటు లేక ఆమే, ఇంకా కొంతమంది పడుచు తల్లులూ ఈ సందుకు వచ్చారు. వెచ్చగా ఉంటుంది, కూనలకు మంచిదే. కప్పే మరీ కింద.

"సాయంత్రం మేతకు పోయేటప్పుడు భయంగా ఉంటుందన్నా. వీణ్ణి ఇక్కడే వదిలిపోవాలి కదా. కప్పు చూడు, ఎవరికైనా అందేట్టుంది."

"ఎవరొస్తారమ్మా ఇంత లోపలికి? ఇన్ని సందుల్లో ఈ సందని ఎవరికి తెలుసు? నేనున్నాగా!"

రొమ్ము వదిలిన కూన గుడ్డికళ్ళతో అతనివైపు తల తిప్పింది. ములుకన్న పొంగిపోయాడు. "చూశావా, మేనమామను గుర్తుపట్టాడు!"

ఇక బయటి సంగతి. బిలం నోటిదగ్గర పొదల్లో జవ్వాజమ్మ అనే పునుగుపిల్లి ఉండేది. ఒంటికి సువాసన, మాటకు తేనె. ఆ ఏడు తునికి చెట్లు కాయలేదు, రేగుపొదలు మాడిపోయాయి. ఆమె డొక్కలు లోపలికి పోయాయి. బిలంలో మాంసం ఉందని ఆమె ముక్కుకు తెలుసు. గోడలు ఎక్కడమూ వచ్చు. కానీ అన్ని సందుల్లో ఏ సందని దూరాలి? దారితప్పితే బయటికి రావడమే ఉండదు. పోయి పోయి కప్పు అందనంత ఎత్తులో ఉంటే? పైగా తల్లులుండగా పోతే ముఖమంతా రక్కి వదులుతారు.

ఆమె ములుకన్నను ఏమీ అడగలేదు. అదే చూడండి ఆమె తెలివి.

"దొనకే పోతున్నట్టున్నావు బావా," అంది ఒక సాయంత్రం. "పాపం, పోయేటప్పుడు తోడుగా గబ్బిలాలైనా ఉండేవి ఒకప్పుడు. అవీ పోయాయట కదా."

"పోయాయా? ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. బిలం ఖాళీ అని."

"వట్టిమాట! నిండా ఉన్నారు."

"నేను నమ్మను బావా. నీకు చూపు ఆనడం లేదేమో."

ఆ మాట ములుకన్నకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు నోట్లో రెట్ట ఉండలు కరుచుకొచ్చి ఆమె ముందు పోశాడు.

"ఎలుక పెంటికలు," అంది జవ్వాజమ్మ, చూడకుండానే.

"నలుపు! నలిపి చూడు! మెరుస్తోందా? అదీ తేడా. నీకేం తెలుసు?"

"అబ్బో, ఎంత చదువు చదివావు బావా!" అని కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళు అతని కాళ్ళమీదే ఉన్నాయి. అప్పుడే బయటికొచ్చిన ములుకన్న కాళ్ళు పారాణి పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. "అయితే మాత్రం ఏముంది, ఎప్పటిదో పాత రెట్ట. ముసలీ ముతకా నాలుగు ఉంటే ఉంటాయి. పిల్లల్ని కనే గబ్బిలాలు ఇక్కడుండవు."

"తడి చూడు! ఈ రోజుది. పిల్లలు లేకపోవడమేంటి, గుత్తులు గుత్తులుగా ఉన్నారు."

"కప్పు అంత ఎత్తున ఉంటే నీకు పిల్లలు కనబడ్డాయంటే నేను నమ్మను బావా. కోతలు కొయ్యకు."

"ఎత్తా? వెనక్కాళ్ళ మీద లేచి నిలబడితే నా ముక్కు తగులుతుంది!"

పక్కన ముడుచుకుని పడుకున్న పొలుసన్న తల బయటపెట్టాడు. "ములుకన్నా, రా పోదాం. పొద్దుపోయింది."

"ఉండవయ్యా, ఈమె నన్ను అబద్ధాలకోరును చేస్తుంటే!"

"చేసుకోనీ. నీకేం పోయింది?"

"నా మాట పోయింది!"

జవ్వాజమ్మ ఆవలించింది. "సరే బావా, పిల్లలున్నారనే అనుకుందాం. తల్లులు అంటిపెట్టుకుని ఉంటారు కదా, నీకెవరూ చూపించరు. ఇక్కడే తేలిపోయింది నీ బండారం."

"ఏం తేలింది? పొద్దుగూకగానే తల్లులంతా మేతకు పోతారు. చీకటి చిక్కబడేదాకా కూనలే ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని వెచ్చగా. నేను కళ్ళారా చూశాను!"

"ఆఁ," అంది జవ్వాజమ్మ. "ఇప్పుడు నమ్ముతున్నాను."

ములుకన్న గెలిచినవాడిలా ముళ్ళు విప్పి, గలగలలాడించుకుంటూ పోయాడు.

మరుసటి సాయంత్రం తల్లులు బిలం నోట్లోంచి పొగలా లేచి పోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి ములుకన్న దొనదగ్గర ఉన్నాడు. ముందు అరుపులు వినబడ్డాయి. గబ్బిలాలు అట్లా అరవడం అతనెప్పుడూ వినలేదు. ప్రతి తల్లికీ తన కూన గొంతు తెలుసు. తల్లి పిలిస్తే కూన బదులు పలుకుతుంది. ఎర్రమట్టి సందులో తల్లులు పిలుస్తున్నారు. పిలుస్తూనే ఉన్నారు.

అతను వెళ్ళేసరికి చిన్నమ్మి కప్పుకూ నేలకూ మధ్య గిరగిరా తిరుగుతోంది. అతన్ని చూసి గోడకు ఆనుకుంది.

"అన్నా, వచ్చావా? నీ కళ్ళు మంచివి కదన్నా, కాస్త చూడు. జారిపడ్డాడేమో. ఏ రాతిచాటునో ఉన్నాడేమో. చలికి గొంతు రావడం లేదేమో. చూడన్నా."

అవ్వ నేర్పిన పద్ధతే. ముందు కిందికి చూశాడు ములుకన్న. నేలమీద రెక్కలు రాలి ఉన్నాయి. పురుగు రెక్కలు కావు. పల్చటి తోలు రెక్కలు, గోరంత, ఎగరడమే ఎరగనివి. వాటి పక్కనే ఎర్రమట్టిలో మెత్తటి పాదాల అచ్చులు లోపలికి వచ్చి, బయటికి పోయాయి. ఆ గాలిలో సువాసన ఇంకా పోలేదు.

"కనబడ్డాడా అన్నా?"

నల్లవ్వ చప్పుడు లేకుండా వచ్చి వేలాడింది.

"చెప్పు ములుకన్నా. చూసింది చూసినట్టు చెప్పు. నీ పని అదే కదా."

చెప్పాడు. రెట్ట మొదలుకుని, చివర్లో అన్న మాట దాకా చెప్పాడు. తల్లులంతా విన్నారు. చిన్నమ్మి కూడా విన్నది. ఒక్కరూ అతన్ని రక్కలేదు, తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

తెల్లారకముందే ములుకన్న పొదల దగ్గరికి ఉరికాడు. జవ్వాజమ్మ ముందుకాళ్ళు నాకుకుంటోంది. డొక్కలు నిండి ఉన్నాయి.

"నమ్మించి గొంతు కోశావు కదే!"

"నేనా?" నాకడం ఆపకుండానే అంది. "నన్ను నమ్మమన్నానా? నిన్ను నమ్మనని కదా అన్నాను. ఎక్కడున్నాయని అడిగానా? ఎప్పుడు ఒంటరిగా ఉంటాయని అడిగానా? నోరు తెరిచి ఒక్క ప్రశ్న వేస్తే చెప్పు, ఇప్పుడే గుట్టమీంచి దూకుతాను."

ముళ్ళు నిక్కబొడుచుకుని వెనక్కి తిరిగి ఆమెమీదికి దూకాడు ములుకన్న. ఆమె అప్పటికే చెట్టెక్కేసింది. ముళ్ళపంది చెట్టెక్కలేదు. కొమ్మమీంచి ఆమె హాయిగా తోక వేలాడదీసి నిద్రపోయింది.

ఆ సాయంత్రం గబ్బిలాలు మేతకు పోలేదు, బిలమే వదిలిపోయాయి. బతికిన కూనల్ని పొట్టకు కరిపించుకుని, ముసలివాళ్ళను మధ్యలో పెట్టుకుని బయలుదేరాయి. ములుకన్న బిలం నోటిదగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"అవ్వా, ఎక్కడికి పోతున్నారు? నేనూ వస్తాను. కాపలా ఉంటాను. నోరు కుట్టేసుకుంటాను."

నల్లవ్వ రాతి అంచున ఒక్క క్షణం ఆగింది. "నీకు మామీద ప్రేమ లేదని ఎవరూ అనరయ్యా. ప్రేమ ఉంది కాబట్టే అంత వివరంగా చూశావు. దారి వదులు."

అతను దారి వదిలాడు. గబ్బిలాలు తల మీదుగా పోతూనే ఉన్నాయి. చిన్నమ్మి అందరికంటే చివర వచ్చింది. పొట్టకింద ఏమీ లేదు కాబట్టి తేలిగ్గా ఎగురుతోంది. అతని నెత్తిమీదుగా, గాలి తగిలేంత దగ్గరగా పోయింది. అన్నా అని మాత్రం పిలవలేదు.

ఆ వేసవి పొడుగునా ములుకన్న బిలంలోకి పోయి వచ్చాడు. ఏ సందులో బూజు పట్టిందో, ఏ కప్పుమీద మరక ఆరిపోయిందో అన్నీ చూశాడు. కళ్ళు మంచివే కదా, అన్నీ కనబడ్డాయి. చెబుదామంటే వినేవాళ్ళే లేరు.

నమ్మనన్న ప్రతివాడికీ రుజువు చూపించాలని తహతహలాడే నోరు, కాపాడతానని మాటిచ్చినవాళ్ళనే ముందు బలిపెడుతుంది.