చీమ ఎదురుపడితే ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు చీమలు దారిలో ఆగేవి కావు. ఎదురొచ్చిన చీమను పలకరించేవీ కావు. పుట్టలో గదులన్నీ అందరివీ. ఏ గదిలో పని ఎవరికి కనబడితే వాళ్లే చేసేసేవారు.

ఆ పుట్టలో నూకాలని ఒక తల్లిచీమ ఉండేది. దానికి ఒక్కటే గుడ్డు. లోపల బిడ్డ కదలడం కూడా మొదలైంది.

ఒకనాడు ముసురు పట్టింది. కింది గదుల్లోకి నీళ్లొచ్చాయి. పైన ఒక గదిలో వెనక గోడ నానిపోతోంది. నూకాలు ఆడపడుచు పైడమ్మ ఆ గదిలోకి తొంగిచూసింది. ఖాళీ. గోడ కూలితే ఆ నీళ్లు పుట్టంతా ముంచేస్తాయని, గుమ్మం మూసెయ్యడానికి మట్టి తేబోయింది.

అది అటు వెళ్లగానే నూకాలు ఇటు వచ్చింది. గుమ్మం తెరిచి ఉంది. నేల పొడిగా ఉంది. గుడ్డును అక్కడ పెట్టి, మిగతావాళ్ల గుడ్లు మొయ్యడానికి కిందికి పరుగెత్తింది.

పైడమ్మ మట్టి తెచ్చింది. ఇందాకే చూశాను కదా అనుకుంది. గుమ్మం మెత్తేసింది.

నూకాలు తిరిగొచ్చేసరికి అక్కడ గుమ్మమే లేదు. వాన తగ్గాక అందరూ కలిసి తవ్వారు. లోపల నీళ్లు. నీళ్లమీద తెల్లటి పొర ఒకటి తేలుతోంది.

"నేను చూశాను వదినా. ఖాళీగానే ఉంది," అంది పైడమ్మ.

"నేనూ చూశాను. తెరిచే ఉంది," అంది నూకాలు.

రెండూ నిజమే.

పుట్టంతా పైడమ్మను ఆడిపోసుకుంది. కళ్లు నెత్తికెక్కాయా అని ఒకరు. మేనబిడ్డనే పూడ్చిపెట్టావని ఇంకొకరు.  నూకాలు మాత్రం, దాన్ని వదిలెయ్యండి అంది. ఇకమీదట ఒక్కో గదిని ఒక్కరే చూసుకోవాలంది. ఆ గదిలో ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. కావలసింది ఆ గది చూసుకునే ఆమెతో చెప్పాలి. ఆమె ఒకరి మాట విని, ఆ పని ముగించాకే రెండోవారి మాట వినాలి.

ఒక గండుచీమ గొణిగింది. "ఇలా ఒక్కొక్కరం నిలబడి చెప్పుకుంటూ పోతే, చక్కెర పలుకు ఇంటికి చేరేసరికి పానకమైపోతుంది."

"ఆలస్యమవుతుంది," అంది నూకాలు. "అంతే కదా."



చీకట్లో, హడావిడిలో, మాట చెవిన పడదేమోనని మీసానికి మీసం ఆనించి చెప్పుకోవడం మొదలెట్టారు.

అప్పటినుంచే చీమకు చీమ ఎదురైతే ఆగుతుంది. వాన ముంచుకొస్తున్నా, నోట్లో గింజ ఉన్నా, మీసం ఆనించి, చెప్పి, విని కదులుతుంది. గుమ్మం మూసే చీమ ఇవాళ్టికీ ముందుగా అడిగేది ఒక్కటే, లోపల ఎవరైనా ఉన్నారా అని.