అతుకుల గిన్నె

ఎప్పటి రాజ్యమో గుర్తులేదు గానీ, కొయ్యను గిరగిరా తిప్పి చెక్కే తరిమెన పట్టే పైడయ్య మాత్రం గుర్తున్నాడు. నలుపు, ఎరుపు, తెలుపు చెక్కముక్కలను జిగురుతో అతికించి, తరిమెన మీద తిప్పుతూ ఉలితో చెక్కి, లక్క మెరుగు పెట్టి రాజుగారికి ఒక గిన్నె తెచ్చాడు. తిరిగే తరిమెన మీద కొయ్య కూడా నీళ్ళలా కనిపిస్తుంది; ఆ వింత చూసి తీరాలి. సరే, గిన్నెను చూసి కొలువంతా నోరు తెరిచింది.

దివాను భీమరాజు మాత్రం మూతి విరిచాడు. "ఏలినవారికి అతుకుల బొంతా? ఒక్క అతుకు ఊడినా నీ తరిమెన జప్తు. ఒప్పుకుంటావట్రా?"

"చిత్తం" అన్నాడు పైడయ్య. ఆ తరిమెనే అతని ఇంటిల్లిపాదికీ కూడు.

దివాను గిన్నెను ఎత్తి నేలకేసి కొట్టాడు. అది రెండు చెక్కలైంది.

"చూశావా! తీసుకురండర్రా వీడి తరిమెన!"

"ఎక్కడ పగిలిందో తమరే చూడండి, మహాప్రభూ" అంటూ పైడయ్య ఆ చెక్కలు రాజు చేతికిచ్చాడు.

రాజు వేలితో తడిమాడు. పగులు కొయ్యను చీల్చుకుంటూ పోయింది. అతుకు ఒక్కటీ ఊడలేదు.

"దివానుగారు విరిచింది దేవుడు పెంచిన మానునండి. నేను పెట్టిన అతుకు వారివల్ల కాలేదు."

"తరిమెన జోలికి పోకండి" అన్నాడు రాజు. సింహాసనం మీంచి లేచి నిలబడి, ఆ రెండు చెక్కలనూ కళ్ళకద్దుకున్నాడు.