రాని డబ్బా

హెప్సిబా దేవుడి కోసం తీసిపెట్టిన బియ్యానికి పురుగు పట్టింది.

అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగబోయే ముందు ఒక గుప్పెడు వెనక్కి తీసి విడిగా డబ్బాలో వెయ్యడం తల్లి నేర్పిన అలవాటు. వాళ్ల ఊళ్లో విశ్వాసుల ఇళ్లన్నిటా అంతే. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్లేది, అక్కణ్ణించి బియ్యం లేనివాళ్ల ఇళ్లకు. తల్లి పోయాక, ఒంగోలులో లెక్చరర్‌గా చేరాక కూడా హెప్సిబా గుప్పెడు తియ్యడం మానలేదు. ఇవ్వడమే కుదరలేదు. పాటల కోసం ఒక మందిరానికి వెళ్లేది, ప్రసంగం బాగుంటుందని ఇంకో దానికి, పనులున్న వారం త్వరగా వదిలేస్తారని మూడో దానికి. వాన పడితే ఫోన్లో చూసేది. ఎక్కడికి వెళ్లినా చుట్టపుచూపే గనక, చంకన డబ్బా పెట్టుకుని వెళ్లడానికి మొహమాటం. అలా నెలల తరబడి డబ్బా నిండింది. ఒకరోజు మూత తీస్తే పురుగులు పాకుతున్నాయి.

గురువారం మధ్యాహ్నాలు ఆమె కృపావరమ్మ గారి దగ్గర వాక్యం నేర్చుకునేది. ఆ పెద్దావిడ బైబిలు ఉమెన్‌గా ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లకు వాక్యం చెప్పి రిటైరైన మనిషి. ఎవరేం అడిగినా ఆవిడ జవాబు చెప్పరు, పని చెప్తారు. ఆ సంగతి తెలిసి కూడా హెప్సిబా అడిగింది.

“అమ్మగారూ, దేవుడు అన్ని చోట్లా వింటాడు కదా. ఎక్కడ ఆరాధించినా ఆయన్నే. మరి ఒకే సంఘాన్ని పట్టుకుని ఉండాలని ఎందుకంటారు? నాకు నచ్చని పాటలూ, నిద్రొచ్చే ప్రసంగం భరిస్తూ కూర్చుంటే ఆయనకేం సంతోషం?”

అడుగుతూ అడుగుతూ బియ్యం సంగతి కూడా బయటపెట్టింది. కృపావరమ్మ గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఆ డబ్బా పట్టుకుని ఆదివారం మా మందిరానికి రా.”

“పురుగు పట్టిందండీ.”

“చాట ఉందిగా, చెరుగుదాం.”

పొగాకు గోడౌన్ల వెనక సందులో, రేకుల కప్పు కింద ఉంది ఆ మందిరం. ఆరాధనకు ముందే ఆడవాళ్లు వరండాలో చేరారు. సంపూర్ణం అనే భారీ మనిషి ఒక పెద్ద గంప ముందు కూర్చుని, ఒక్కొక్కళ్ల డబ్బా అందుకుని గంపలో గుమ్మరిస్తోంది. చేతులతో పాటు నోరూ ఆడుతోంది.

“ఏందే స్వరూపా, మళ్లీ రేషన్ బియ్యమేనా? మీ ఆయనకింకా పని దొరకలా?”

“ఎక్కడా! పొద్దస్తమానం మంచం మీదే.”

“రేపు మా గోడౌనుకి పంపు. మూటలు మొయ్యనంటే మాత్రం నాకు చెప్పు, నేనొచ్చి లేపుతా.”

అందరూ నవ్వారు. హెప్సిబా డబ్బా మూత తీసి చూసి, సంపూర్ణం నవ్వు ఆపేసింది. “ఇది ఎన్నాళ్లదండీ మేడం?” అంది మర్యాదగా. హెప్సిబా చెవులు వేడెక్కాయి. కృపావరమ్మ గారు డబ్బా తన దగ్గరికి లాక్కుని చాట తెమ్మన్నారు.

గంప నిండాక సంపూర్ణం చుట్టూ చూసింది. “రాహేలమ్మ డబ్బా ఏది?”

“ఆవిడ రానందిగా, నువ్వు తన పాటని వెక్కిరించిన కాడ్నించీ,” అంది స్వరూప.

“మనిషి రాదు, తెలుసు. డబ్బా పంపిద్దిగా వారం వారం. మనిషి రాకపోతే కోపం. డబ్బా కూడా రాలేదంటే పొయ్యి వెలగలా.”

లోపల మొదటి పాట ఎత్తుకున్నారు. సంపూర్ణం అటు చూడనైనా చూడలేదు. గంపలోంచి కాసిని బియ్యం కొంగున కట్టుకుని లేచింది. “నువ్వూ వెళ్లు,” అన్నారు కృపావరమ్మ గారు హెప్సిబాతో.

రెండు సందుల అవతల ఒంటిగది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చాప మీద దుప్పటి ముసుగేసుకుని రాహేలమ్మ.

“ఏందే, డబ్బా పంపలేదేం?”

“మీ గుడికి రానన్నాగా.”

“నిన్నెవరు రమ్మన్నారు? డబ్బా ఏదంటున్నా.”

రాహేలమ్మ గోడవైపు తిరిగింది. “వండుకుంటేగా తీసేది.”

సంపూర్ణం వంగి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. “ఒళ్లు పెనంలా కాలుతోంది. నోరు మాత్రం తగ్గలా.” పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. జావ కాగాక హెప్సిబా గ్లాసులో పోసి ఊది అందించింది. రాహేలమ్మ ఒక గుక్క తాగింది.

“ఉప్పెక్కువేశావే.”

“నీ పాట కన్నా నయంలే.”

రాహేలమ్మకు నవ్వొచ్చి పొలమారింది. సంపూర్ణం ఆమె తల మీద తట్టింది, కాస్త గట్టిగానే.

గుమ్మం దగ్గరికి జరిగి నిలబడ్డ హెప్సిబాకు పోయిన వానాకాలం గుర్తొచ్చింది. ఆమెకూ ఇలాగే జ్వరం. బన్నులు తిని, తలుపు వైపు చూస్తూ పడుకుంది. లేచి తిరగగలిగాక ఒక్కో మందిరానికీ వెళ్లింది. “అటు వెళ్లి ఉంటారనుకున్నామండీ,” అన్నారు మూడు చోట్లా, ఎంతో మర్యాదగా. ఈ ఊళ్లో తనను ఏందే అని పిలిచిన మనిషి లేదు. తలుపు తోసుకొచ్చి, ఎందుకు రాలేదని తిట్టిన మనిషి లేదు. అలాంటి తిట్టు ఒకటి తనకూ పడితే బాగుండుననిపించింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆఖరి పాట నడుస్తోంది. కృపావరమ్మ గారు వరండాలోనే కూర్చుని హెప్సిబా బియ్యం చెరుగుతున్నారు.

“నాకు జ్వరమొచ్చినప్పుడు ఎవరూ రాలేదు అమ్మగారూ.”

ఆవిడ చాటలోంచి తలెత్తలేదు. “నీ డబ్బా రాలేదని ఎవరికి తెలియాలమ్మా?”

చెరిగిన బియ్యం గంపలో పోసి, ఖాళీ డబ్బా ఆమె చేతిలో పెట్టారు.

ఆ పూట బియ్యం కడగబోయే ముందు హెప్సిబా గుప్పెడు తీసి అందులో వేసింది. ఈ డబ్బా ఇక ఆ ఒక్క వరండాకే వెళ్లాలి, తనూ దాంతో వెళ్లాలి అనుకుంది. ఆ తర్వాత అక్కడి పాటలు శ్రుతిలోకి రాలేదు, ప్రసంగం పొట్టిదీ కాలేదు. ఫలానా చోటికి పేరున్న బోధకుడు వస్తున్నాడని స్నేహితులు పిలుస్తూనే ఉన్నారు. ఆమె కదల్లేదు. ఒకే ఒక్క ఆదివారం, పరీక్ష డ్యూటీ పడి, డబ్బా స్వరూపతో పంపించింది. సాయంత్రం తలుపు దబదబ మోగింది. తీస్తే సంపూర్ణం, నడుం మీద చేతులు వేసుకుని.

“ఏందే హెప్సిబా, డబ్బా వచ్చింది, నువ్వు రాలా. ఎవరి మీద కోపం?”