గిజిగాడు చూపించిన పడిపోయిన గూళ్లు

అనగనగా, తాటిచెట్లు వాగు మీదికి వంగి ఉండే ఒక చోట పక్షుల సభ ఒకటి ఉండేది. కొత్త సంగతి ఏది కనిపెట్టినా అక్కడ చెప్పాలి. విన్నవాళ్లు చేసి చూడాలి. వాళ్లకూ కుదిరితేనే సభ ఒప్పుకునేది.

కిందటేడు పెనుగాలికి గూళ్లు ఊడి పిల్లలు వాగులో పడిపోయాయి. అందుకే కొంగ తాత అడిగాడు: "గాలికి పడని గూడు ఎలా కట్టాలి?"

కాకి అంది: "నా గూడు పడదు. నా మాట నమ్మండి."

గోరింక అంది: "నాది తాటినార, బురద. ముడి మాత్రం మా ఇంటి రహస్యం."

గిజిగాడు నార తెచ్చాడు. అందరి ముందూ కూర్చుని మొదటి పోగు నుంచి అల్లి చూపించాడు. తర్వాత చెట్టు కిందికి తీసుకెళ్లాడు. అక్కడ అతని పాత గూళ్లు పడి ఉన్నాయి.

"ఇవీ నేను కట్టినవే. ఎందుకు పడ్డాయో నాకు తెలీదు."

కాకి పకపకా నవ్వింది. "పడినవి కూడా చూపిస్తారటోయ్ బావా! పరువేం కాను?"

గిజిగాడు సిగ్గుపడ్డాడు. కానీ వాటిని దాచలేదు. పైన కొమ్మ చివర కొత్త గూట్లో అతని భార్య గుడ్లు పొదుగుతోంది.

పిచ్చుక మాత్రం ఆ పాత గూళ్ల దగ్గరే ఉండిపోయింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, ముక్కుతో లాగింది. చివరికి గిజిగాడి దగ్గరికి ఎగిరింది.

"అన్నయ్యా, కోప్పడకు. అన్నీ ఒకవైపే తెగాయి. ఆ వైపు నార పెళుసుగా ఉంది. పొద్దున్న ఒకవైపు అల్లి, రెండో వైపు మధ్యాహ్నం అల్లుతావు కదూ?"

గిజిగాడి ముఖం చిన్నబోయింది. పొద్దున మంచుకు తడిసిన నార మధ్యాహ్నానికి ఎండి పెళుసవుతుంది. ఇన్నేళ్లూ ఆ మాటే తట్టలేదు. తలెత్తి తన గూడు చూసుకున్నాడు. అదీ అలాగే కట్టాడు.

"చెల్లీ, మబ్బు పడుతోంది. సాయం పట్టు!"

ఇద్దరూ నార వాగులో ముంచి తెచ్చారు. ఎండిన వైపంతా మళ్లీ అల్లారు. అది చూసి మిగతా పక్షులూ తమ గూళ్లకు తడినార చుట్టుకున్నాయి. కాకి, గోరింక మాత్రం కదల్లేదు.

ఆ సాయంత్రమే గాలి వచ్చింది. తాటాకులు విరిగాయి. కాకి గూడు పోయింది, గోరింక గూడూ పోయింది. వాటిలో లోపమేమిటో చెప్పేవాళ్లు లేరు. లోపల ఎవరూ చూడలేదు మరి. తడినార చుట్టినవి నిలిచాయి. గిజిగాడి గూడు ఉయ్యాలలా ఊగింది, ఊడలేదు.

తెల్లవారాక ఆ గూట్లోంచి చిన్న కూత వినిపించింది. తడిసి ముద్దయిన గోరింక మెల్లగా వచ్చి పక్కన వాలింది.

"తమ్ముడూ, నా ముడి చూపిస్తాను. ఎక్కడ తప్పిందో కాస్త చూసి పెట్టవూ?"

"చూద్దాం అక్కా. పిచ్చుకనూ రానీ, దాని కన్ను మంచిది."

పిల్లలూ, తెలిసింది దాచుకుంటే అందులోని తప్పు కూడా దాగిపోతుంది. నలుగురి ముందూ పరిచిపెడితే దాన్ని దిద్దే కన్ను దొరుకుతుంది.