సుంకన్న ఉగ్రాణం

సుంకన్నకు ఒక్కటే దిగులు. మఠంలోని అవ్వ తనకు మంత్రోపదేశం ఇవ్వడం లేదు.

తన తర్వాత వచ్చినవాళ్లకు ఇచ్చింది. పువ్వులు కోసుకొచ్చే రంగమ్మకు ఇచ్చింది. మఠంలో నాలుగు రోజులు కుదురుగా ఉండని జడల తిమ్మప్పకు కూడా ఇచ్చింది. సుంకన్న అడిగినప్పుడు మాత్రం "చూద్దాంలే నాయనా" అని, తమలపాకు తొడిమ తుంచుకుంటూ మరో మాటలోకి పోయేది. ఆ 'చూద్దాంలే' విని విని అతనికి విసుగు పుట్టింది. విసుగేమిటి, కడుపుమంటే పుట్టింది.

మాణిక్యమ్మవ్వ మఠం పెన్న ఒడ్డున రాళ్లగుట్ట కింద ఉండేది. వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టడమే అక్కడి పని. అవ్వ పెద్దగా బోధలు చేసేది కాదు. ఎవరైనా వేదాంతం అడిగితే "ముందు తిను, తర్వాత చూద్దాం" అనేది. తిన్నాక చాలామంది అడగడం మరిచిపోయేవాళ్లు.

అంతమందికి వండే సరుకంతా ఒక గదిలో ఉండేది. దాన్ని ఉగ్రాణం అనేవాళ్లు. ఆ గదికి సుంకన్న పెత్తందారు. బయట అవ్వకు శిష్యుడే గానీ, ఆ గడప దాటి లోపలికి పోతే రాజు.

ఆ రాజరికం ఊరికే రాలేదు లెండి. అతను రాకముందు పప్పులూ పిండీ గోతాల్లో మూలుగుతుండేవి. సగం ఎలుకలు తినేవి, మిగిలింది పురుగు పట్టేది. సుంకన్న సిగ్గుపడకుండా భక్తుల ఇళ్ల చుట్టూ తిరిగాడు. "పారేసే డబ్బా ఏదన్నా ఉంటే నాకియ్యండమ్మా" అని అడుక్కున్నాడు. హార్లిక్స్ సీసాలు, బిస్కెట్ డబ్బాలు, పసిపిల్లల పాలపొడి డబ్బాలు, పెళ్లిళ్లలో ఖాళీ అయిన నూనె డబ్బాలు, మూత పగిలిన ఊరగాయ జాడీలు, ఏది దొరికినా తెచ్చి బూడిదతో తోమి, వాసన పోయేదాకా ఎండబెట్టాడు. సరుకంతా వాటిలోకి ఎక్కించి అరల్లో వరసగా పేర్చాడు. మళ్లీ ఆ గదిలో ఎలుక పన్ను దిగలేదు. వచ్చినవాళ్లు చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆ మెచ్చుకోలు న్యాయమైనదే.

ఒక్కటే చిక్కు. బిస్కెట్ డబ్బా తెరిస్తే ఎండుమిరపకాయలు. టీపొడి డబ్బాలో ఆవాలు, పాలపొడి డబ్బాలో టీపొడి. హార్లిక్స్ సీసాలు అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒకదాంట్లో చక్కెర, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో బియ్యప్పిండి, మరోదాంట్లో గుండిగల జిడ్డు వదిలించే సోడాపొడి. ఏది ఎందులో ఉందో సుంకన్న బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

వంట చేసే తిప్పక్క ఒకసారి ప్రాణం విసిగి, సీసాలన్నిటికీ కాగితం ముక్కలు అంటించి పేర్లు రాయించింది. మరునాటికి ఒక్క ముక్క లేదు. సుంకన్న తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు.

"అన్నం మెతుకులతో అంటిస్తే చీమలు పట్టవా అక్కా?" అన్నాడు.

చీమల సంగతి అబద్ధమని తిప్పక్కకూ తెలుసు, అతనికీ తెలుసు. "సుంకన్నా, జీలకర్ర యాడుందప్పా?" అని ఎవరైనా గుమ్మంలో నిలబడి అడిగితే చాలు, అతని ముఖం వెలిగిపోయేది. వెతకడు, తడుముకోడు. అటు చూడకుండానే చేయి చాపి తీసిచ్చేవాడు. ఆ దర్జా చూసి తీరాలి. పూటకు కావలసినంత తానే కొలిచి ఇచ్చేవాడు. తడిచేతులు పెట్టి పాడుచేస్తారని పొయ్యి దగ్గర చిటికెడు ఉప్పు కూడా మిగలనిచ్చేవాడు కాదు.

ఇంత సేవ చేసేవాడికి ఉపదేశం లేదా? అదీ అతని బాధ.

ఒక ఎండాకాలం, మధ్యాహ్నం పంక్తులు లేచాక, ఇక ఉండబట్టలేక పోయి అవ్వ ముందు కూర్చున్నాడు.

"అవ్వా, నాలో ఏం తక్కువుందో చెప్పు. దిద్దుకుంటా."

అవ్వ చేయి చాపింది.

"తాళంచెవి ఇట్లియ్యి."

సుంకన్న మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి, అవ్వ అరచేతిలో పెట్టాడు. అవ్వ తిప్పక్కను పిలిచి దాన్ని ఆమెకు ఇచ్చింది.

"ఇయ్యాల పొద్దు గూకేదాకా నువ్వు మౌనం," అంది సుంకన్నతో. "నోరు మెదపొద్దు. సైగ చెయ్యొద్దు. నా పక్కనుంచి లేవొద్దు. అది నిలబెట్టుకో. ఉపదేశం ఇస్తా."

"ఇంతేనా అవ్వా?" అనబోయి సుంకన్న నాలుక కరుచుకున్నాడు. ఆనందంతో కళ్లు చెమర్చాయి. వసారాలో అవ్వ పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు.

మొదట్లో బాగానే ఉంది. నిజం చెప్పాలంటే మజాగా కూడా ఉంది. ఉగ్రాణంలోంచి మూతలు తీస్తున్న చప్పుడు, మళ్లీ పెడుతున్న చప్పుడు. "దీంట్లో మెంతులేంది? ఓరి నీ డబ్బాలు పాడుగాను!" అని తిప్పక్క గొణుగుడు. సుంకన్న బయటికి నవ్వలేదు గానీ లోపల నవ్వుకున్నాడు. తను లేకపోతే ఎట్లా ఉంటుందో ఇప్పటికైనా తెలిసొస్తుంది వీళ్లకి, అనుకున్నాడు.

ఇంతలో గేటు దగ్గర కేకలు వినిపించాయి.

దగ్గరి చీనీ బత్తాయి తోటలో కూలికి వచ్చిన మనిషిని ఇద్దరు మోసుకొస్తున్నారు. ఎండదెబ్బ. పొద్దుటినుంచీ వాంతులు. కాళ్లు నేలకు ఈడ్చుకుపోతున్నాయి, పెదవులు పగిలి తెల్లబడ్డాయి. భార్య వెనక పరుగెత్తుకొస్తూ "నీళ్లు పొయ్యండి తల్లీ, నీళ్లు పొయ్యండి" అని ఏడుస్తోంది. వసారాలో నీడకు పడుకోబెట్టారు. తిమ్మప్ప ఆటో కోసం ఊళ్లోకి పరుగెత్తాడు.

"ఉత్త నీళ్లు నిలబడవు. ఉప్పూ చక్కెరా కలిపి ఇయ్యాల," అంటూ తిప్పక్క ఉగ్రాణంలోకి దూరింది.

సుంకన్న కూర్చున్న చోటినుంచి ఉగ్రాణం తలుపు కనిపిస్తుంది. లోపలి అరలు కనిపిస్తాయి. తిప్పక్క చక్కెర సీసా దించింది. అది సరైనదే. రెండో సీసా మూత తీసి తొంగిచూసింది, బియ్యప్పిండి కాబోలు, పక్కకు పెట్టింది. మూడోది తీసింది. తెల్లటి పొడి. చంచాతో తీసి చెంబులో వేసి గబగబా కలిపింది.

సుంకన్న మెడ చాచి ఆ సీసా వైపు చూశాడు.

అది ఉప్పేనా?

ఈ పొద్దున వంటకు కొలిచిచ్చాక, ఉప్పుకు చెమ్మ తగులుతోందని, మూత బిగువుగా ఉన్న ఆ మూడో సీసాలోకి మార్చాలనుకున్నాడు. ఆ బిగువు సీసాలో సోడా ఉంది. సోడాను ఒక పళ్లెంలో వంపాడు, అంతవరకు గుర్తుంది. అప్పుడే నూనె వచ్చిందని ఎవరో పిలిచారు. పోయి వచ్చాడు. వచ్చాక ఏది ఎందులో పోశాడు? ఉప్పు ఇటు పోశాడా? సోడానే మళ్లీ అందులో పోసేశాడా? కళ్లు మూసుకున్నాడు. తన బుర్రలో ఉన్న ఉగ్రాణంలోకి పోయి చూశాడు. అక్కడ ఆ సీసా ఉంది గానీ లోపల ఏముందో కనిపించలేదు.

తిప్పక్క చెంబుతో వసారాలోకి వచ్చింది.

ఆ మఠంలో ఒక ఆచారం ఉండేది. పరాయిమనిషికి ఏది అందించినా, ముందు ఒక గుక్క అవ్వ నోట్లో పడాల్సిందే. తన నోటికి ఎక్కనిది ఇంకొకరికి పెట్టకూడదని అవ్వ నియమం. తిప్పక్క అలవాటుగా చెంబును అవ్వకు అందించింది.

అవ్వ చెంబు ఎత్తింది. ఎంగిలి కాకుండా పైనుంచి పోసుకోవడానికి తల వెనక్కి వాల్చింది.

మాట్లాడితే మౌనం పోతుంది. ఉపదేశం పోతుంది. ఇన్నేళ్లు ఎదురుచూసిందంతా ఒక్క కేకతో పోతుంది. పోనీ పోతే పోయింది, ఏమని అరవాలి? సోడా అని అరిస్తే, అది ఉప్పే అయితే? తన ఉగ్రాణంలో ఏముందో తనకే తెలియదని ఇంతమంది ముందు తేలిపోతుంది. రంగమ్మ ఉంది. తిప్పక్క ఉంది. ఉప్పే అయ్యుంటుంది. ఉప్పే. తను పొరపాటు చేసే మనిషా?

అవ్వ చెంబు వంచబోతూ ఆగింది. కళ్లు మాత్రం పక్కకు తిప్పి సుంకన్న ముఖంలోకి చూసింది. అతని ముఖం ఎట్లా ఉందో అతనికి తెలియదు. పెదవులు బిగించుకున్నాడు. కింద పడుకున్న మనిషి మూలిగాడు. అతని భార్య "తొందరగా తల్లీ" అంది.

అవ్వ మళ్లీ తల వాల్చింది. చెంబు వంగింది. నీళ్లు అంచు దాకా వచ్చాయి.

"తాగొద్దవ్వా!"

అరవడమే కాదు, లేచి చెంబును రెండు చేతులతో పట్టేసుకున్నాడు. నీళ్లు కొన్ని అతని చేతుల మీదా, కొన్ని అవ్వ చీర మీదా పడ్డాయి.

"ఏముంది దీంట్లో?" అవ్వ అడిగింది.

సుంకన్న తిప్పక్క వైపు చూడలేక నేల చూశాడు.

"తెల్దవ్వా."

"నీకే తెల్దా?" అంది తిప్పక్క. వెక్కిరింపుగా అనలేదు. నిజంగా భయపడి అంది.

"నాకే తెల్దక్కా."

రంగమ్మకు ముందు తెలివొచ్చింది. పంక్తిలో మిగిలిన మజ్జిగ వంటింట్లో ఉంది, దాంట్లో మధ్యాహ్నమే ఉప్పు పడింది, అందరూ తాగిందే. పరుగెత్తి తెచ్చింది. అవ్వ ఒక గుక్క పోసుకుని తలూపింది. ఆ మనిషి నోట్లో చంచాతో కొంచెం కొంచెంగా పోశారు. మొదటి గుక్క కక్కేశాడు. తర్వాతిది నిలబడింది. ఆటో వచ్చేసరికి కళ్లు తెరిచి భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఆమె అప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు. ఇద్దరినీ ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపారు.

అందరూ గేటు దగ్గర ఉండగా సుంకన్న చెంబు అడుగున మిగిలిన నీళ్లలో వేలు ముంచి నాలుకకు తాకించుకున్నాడు. తీపి వెనక సబ్బు నురగలాంటి రుచి. నాలుక చుర్రుమంది.

సోడా.

అవ్వ గొంతులో ఆ నీళ్లు దిగి ఉంటే, ఆ మనిషి వట్టి కడుపులో దిగి ఉంటే అన్న ఆలోచన వచ్చి, చెంబులో మిగిలింది నేల మీద ఒంపేశాడు.

తర్వాత ఉగ్రాణం గుమ్మంలోకి పోయాడు.

"తిప్పక్కా! రంగమ్మా! అందరూ ఒకసారి ఇట్ల రాండి."

వచ్చారు. చెంబులో పడింది సోడా అని చెప్పి, ముందు ఆ సీసా తీసుకుపోయి పెరట్లో తోముడుచోట గూట్లో పెట్టాడు. వెనక్కి వచ్చి ఒక్కో డబ్బా దించి, మూత తీసి, చూపించి, పేరు చెప్పాడు. కొన్నిటి దగ్గర తడబడ్డాడు. తడబడ్డచోట "ఇది నాకూ సరిగ్గా గుర్తులేదు, మీరే చూడండి" అన్నాడు. ఆ మాట మొదటిసారి అన్నప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అంత కష్టం అనిపించలేదు. తిప్పక్క తాళంచెవి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. తలుపుకు మేకు కొట్టి, దాన్ని అక్కడే అందరికీ అందేటట్టు తగిలించాడు.

అంతా అయ్యేసరికి అతని గొంతు బొంగురుపోయింది. పొద్దు ఇంకా గూకలేదు.

వసారాలో అవ్వ తడిసిన చీరతోనే కూర్చుని ఉంది. సుంకన్న పోయి ఎదురుగా, కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మౌనం తప్పినానవ్వా," అన్నాడు. "పొద్దు గూకేదాకా కూడా నిలబెట్టుకోలేకపోతి. ఇంక నాకు ఉపదేశం లేదు గదా?"

అవ్వ చేయి చాపి, సోడానీళ్లు పడిన అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"మౌనం ఇయ్యాల పట్టినావనుకుంటివా నాయనా?" అంది. "మొదట ఆ సీసాలో సోడా పోసి ఎవరికీ చెప్పనినాడే పట్టినావు. ఇయ్యాల విడిచినావు."